1971 యుద్ధ పతకాలు పోయాయి, మళ్లీ తెప్పించుకోవడం ఎలా?

మా తాతయ్య 1971 యుద్ధంలో తూర్పు సెక్టార్‌లో పనిచేశారు. ఇప్పుడు 78 ఏళ్లు. డిసెంబర్ 16న, విజయ్ దివస్ నాడు, ఊరి బడిలో ఆయనకు సన్మానం పెట్టుకున్నాం. శాలువా, దండ ఎవరికైనా వేస్తారు. ఆయన సంపాదించుకున్న పతకాలు ఆయన గుండెల మీద ఉండాలని మా ఆశ. ఇల్లు మారినప్పుడు పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ రెండూ పోయాయి. ట్రంకుపెట్టెలో రంగు వెలిసిన రిబ్బన్ ముక్క ఒక్కటే మిగిలింది.

డిశ్చార్జ్ బుక్‌లో రెండింటి పేర్లూ ఉన్నాయి. దాని జిరాక్స్ జతచేసి ఏప్రిల్‌లో రికార్డ్స్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపాం. డెలివరీ అయినట్టు ట్రాకింగ్‌లో ఉంది, జవాబు మాత్రం లేదు. బజారులో నకళ్లు దొరుకుతాయి గానీ తాతయ్య వాటిని ముట్టుకోనన్నారు, అది న్యాయమే.

డూప్లికేట్ పతకాలు తెప్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఏయే కాగితాలు జతచేసి, ఎవరి ద్వారా పంపారో చెప్తారా?