పెరట్లో స్మారక శిల: పాచి, గడ్డి కోత, పక్కన పసుపుబారిన మొక్క. ఏది ముందు?

పెరటిదారి (ప్రశ్న)

యుద్ధంలో అమరుడైన మా తమ్ముడి పేరు చెక్కించిన తెల్ల పాలరాయి పలక పెరట్లో ఉంది. నేల పైకి 2 అడుగులు కనిపిస్తుంది, మిగతాది మట్టిలో. దానికి 10 అడుగుల అవతల అమ్మ పేరున నాటిన మొక్క ఉంది. నాటేటప్పుడు ఆమె చితాభస్మం కిలో దాకా గుంటలోనే, వేళ్ల కింద పోశాం. 8 నెలలైంది.

పలకకు ఎండ తగలని వైపు పాచి పట్టి అక్షరాలు పూడుకుపోతున్నాయి. గడ్డి కోసే తాడు ట్రిమ్మర్ తగిలి రాయి అడుగున గాట్లు పడ్డాయి. మొక్క చిగుళ్లు పసుపుగా వస్తున్నాయి, పాత ఆకుల అంచులు మాడుతున్నాయి. సంస్మరణ రోజుకు 3 వారాలే ఉంది. బాత్రూమ్ యాసిడ్ నీళ్లలో కలిపి పాచి కడగమనీ, చుట్టూ కలుపు మందు కొట్టేస్తే ట్రిమ్మర్ అవసరమే ఉండదనీ చెబుతున్నారు. చేయొచ్చా? రాయి ముందు ఎర్ర పాపీలు (యుద్ధ అమరులకు గుర్తుగా పెట్టే పూలు) వేయాలని కూడా ఉంది.

రాతిపని

యాసిడ్ జోలికి వెళ్లకండి. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్. యాసిడ్ పడగానే బుసబుసా పొంగుతుంది, ఆ నురగలో కరిగిపోయేది మీ తమ్ముడి పేరున్న రాయే. వెనిగర్, నిమ్మరసం కూడా అంతే. బ్లీచ్ చేసే చెడు ఆ రోజు కనపడదు. దాని ఉప్పు రాతి రంధ్రాల్లోకి దిగి, ఆరినప్పుడల్లా గడ్డకట్టి రేణువుల్ని లోపలి నుంచి తోస్తుంది. పోనుపోనూ రాయి పంచదారలా రాలుతుంది.

ముందు వేలి కణుపుతో పలకంతా మెల్లగా తట్టండి. ఎక్కడైనా బోలుగా మోగినా, చెయ్యి రాస్తే పొడి అంటినా కడగొద్దు. రాతి పరిరక్షణ తెలిసినవాళ్లకు చూపించండి. గట్టిగా ఉంటే రెండు బకెట్ల మంచినీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్, చెక్క పుల్లలు చాలు. రాయిని బాగా తడిపి 10 నిమిషాలు ఆగితే పాచి నాని, ఉబ్బి, పట్టు వదులుతుంది. కింది నుంచి పైకి రుద్దుకుంటూ రండి. పై నుంచి మొదలుపెడితే మురికినీళ్లు కింద రుద్దని చోట కారి చారలు మిగులుతాయి. జానెడు మేర రుద్దగానే నీళ్లు పోసి కడిగి, తర్వాతి జానెడుకు వెళ్లండి. అక్షరాల గాడుల్లో చెక్క పుల్ల తప్ప ఇంకేదీ పెట్టొద్దు. ఇనుప బ్రష్ వాడితే విరిగిన తీగ ముక్కలు రాతిలో ఇరుక్కుని తుప్పు మరకలవుతాయి. ప్రెషర్ వాషర్ అక్షరాల అంచుల్నే కొట్టేస్తుంది.

నీళ్లకు పోని నలుపు ఉంటే, బ్లీచ్, యాసిడ్ లేని క్వాటర్నరీ అమ్మోనియం రకం రాతి క్లీనర్ తీసుకోండి. ముందుగా చుట్టూ గడ్డిని నీళ్లతో తడపండి. క్లీనర్ రాసిన 10–15 నిమిషాలూ రాయి తడి ఆరకూడదు, తర్వాత రుద్ది కడిగేయండి. మిగిలిన నలుపు ఆ పై వారాల్లో పలచబడుతూ వస్తుంది కాబట్టి ఈ పని ఈ వారమే అయిపోవాలి. పేరు చదవడానికి వస్తే ఆపేయండి. కొత్త రాయిలా తళతళలాడాలని పట్టుబడితే పైపొర పోతుంది.

గాట్లలో సిమెంటు పూయొద్దు. సిమెంటు పాలరాయికన్నా గట్టిది, ఒత్తిడికి అది నిలుస్తుంది, పక్కనున్న రాయి పగులుతుంది.

పచ్చికపని

కలుపు మందు వద్దు. మందులోని లవణాలను రాయి అడుగు పీల్చుకుంటుంది. అంతకన్నా ముఖ్యం, గడ్డి వేళ్లు చచ్చిపోతే రాయి మొదట్లో మట్టికి పట్టు ఉండదు. నాలుగు వానలకు కొట్టుకుపోయి పలక ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగినదాన్ని నిలబెట్టడం పాచి కడగడమంత తేలిక కాదు.

ట్రిమ్మర్ రాయి దగ్గరికి వెళ్లే అవసరమే లేకుండా చేయండి. పలక చుట్టూ 15 సెం.మీ. వెడల్పున 10 సెం.మీ. లోతు మట్టి తీసి, అడుగున 5 సెం.మీ. ఇసుక పరిచి దిమ్మిసతో కొట్టండి. దాని మీద 5 సెం.మీ. మందం చదును రాళ్లు పరవండి, పైభాగం నేలతో సమంగా రావాలి. రాయి నుంచి బయటికి కాస్త వాలు ఉంటే నీళ్లు మొదట్లో నిలవవు. పలకకూ పరిచిన రాళ్లకూ మధ్య వేలెడు సందు ఇసుకతో నింపండి, కాంక్రీటు పోయొద్దు. కాంక్రీటు తడిని పాలరాయిలోకి ఎక్కిస్తుంది, నేల కదిలినప్పుడు పలకను కదలనివ్వక చివరికి నేల మట్టం దగ్గర విరగ్గొడుతుంది. కంకర కూడా నాకు నచ్చదు. మోవర్ (గడ్డి కోసే బండి) బ్లేడు కింద పడ్డ ఒక్క గులకరాయి పోయి తగిలేది అక్షరాలకే.

ఇక మోవర్ చక్రం ఆ పట్టీ మీదుగా తిరిగితే గడ్డంతా తెగుతుంది. మోవర్ అంచుకు పాత రబ్బరు గొట్టం చీల్చి తొడగండి. మిగిలిన నాలుగు పోచల్ని చేతి కత్తెరతో తీయొచ్చు.

చెట్టుమొదలు

మీరు చెప్పిన రెండు లక్షణాలూ భస్మం వైపే చూపిస్తున్నాయి. చితాభస్మం చాలా గాఢమైన క్షారం, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 కన్నా ఎక్కువైతే క్షారం) 11–12 దాకా ఉంటుంది, సోడియం లవణాలూ ఎక్కువే. ఆ క్షారంలో ఇనుము మట్టిలో ఉన్నా వేళ్లకు అందదు, అందుకే కొత్త చిగుళ్లు పసుపు. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. ఆకుల అంచులు మాడడం ఉప్పు పని. ఖాయం చేసుకోవాలంటే మొక్క గుంటలోనూ, 2 మీటర్ల అవతలా 20 సెం.మీ. లోతు నుంచి మట్టి తీసి రెండింటి పీహెచ్ పోల్చి చూడండి.

ఎరువు వేయొద్దు, ఉన్న ఉప్పుకు ఇంకాస్త ఉప్పు కలిపినట్టవుతుంది. ఇంకా 8 నెలలే కాబట్టి మొక్కను లేపి, పలకకు దూరమయ్యే దిక్కున మీటరున్నర జరపొచ్చు. ముందురోజు నిండా నీళ్లు పెట్టండి. మర్నాడు చల్లటి పూట కాండానికి ఒకటిన్నర అడుగు దూరంలో చుట్టూ పార దించి, వేళ్ల ముద్ద చెదరకుండా గోనెపట్టా మీదకు ఎత్తండి. అడుగున అంటిన బూడిద మట్టిని మాత్రం దులపండి. కొత్త గుంటలో వేళ్లు విప్పారే మెడ నేల పైకి కనబడాలి. పాదు చేసి, వారానికి రెండుసార్లు 10–15 లీటర్లు పోయండి. మల్చ్ (మొదట్లో పరిచే ఎండుటాకుల పొర) 5–7 సెం.మీ. మందం చాలు, కాండానికి బెత్తెడు ఎడం వదలండి. ఆనించి పోస్తే బెరడు కుళ్లుతుంది.

పెరటిదారి

మొక్కను జరిపితే అమ్మ భస్మం పాత గుంటలోనే ఉండిపోతుంది. ఆమె పేరున నాటి దూరం చేసినట్టు అనిపిస్తోంది.

చెట్టుమొదలు

దూరం కాదండీ. ఆ గుంట మట్టిలో భస్మానికి ఎన్నో రెట్లు ఆకు కంపోస్టు కలిపి అక్కడే కప్పండి. వానలకు లవణాలు కిందికి దిగుతాయి, చెట్టు ఎదిగేకొద్దీ వేళ్లు మీటరున్నర దాటి అక్కడికే వస్తాయి. ఈ మొదటి సంవత్సరాలు మాత్రం లేత వేళ్లకు అది తగలకూడదు.

విత్తుల సంచి

పాపీలు 3 వారాల్లో పూయవు, విత్తు నుంచి పువ్వుకు రెండున్నర మూడు నెలలు పడుతుంది. నారు పీకి నాటితే బతకవు. ఎర్ర పాపీ విత్తు మొలవడానికి వెలుతురు కావాలి, మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోయి నేల తిరగబడినప్పుడు లేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గుండ్లు దున్నేసిన ఫ్లాండర్స్ (బెల్జియం వైపు యుద్ధభూమి) నేలలో అవి విరబూసింది ఇందుకే. కాబట్టి మట్టి గీరి, గుప్పెడు పొడి ఇసుకలో చిటికెడు విత్తులు కలిపి చల్లి, అరచేత్తో అదమండి. మట్టి కప్పొద్దు. చల్లటి కాలం మొదట్లో చల్లితే మంచిది.

అవి మోకాలి ఎత్తు పైగా పెరిగి పేరును కప్పేస్తాయి కనుక రాయి ముందు కాకుండా పక్కలకు వేయండి. ముందు, రాళ్ల పట్టీకి అవతల, జానెడు మించని మొక్కలే ఉండాలి. 1917లో ఏర్పడిన కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ శ్మశానాల్లో ఫలకాల ముందు పొట్టి మొక్కలు నాటడానికి అందం ఒక్కటే కారణం కాదు. వాన చినుకు నేలను కొట్టి చిమ్మే మట్టి పేర్ల మీద పడకుండా అవి అడ్డుకుంటాయి.

పచ్చికపని

వరస ఇలా పెట్టుకోండి. ఈ వారం రాయి కడగడం, మట్టి పరీక్ష. వచ్చే వారం రాళ్ల పట్టీ, మొక్క జరపడం. మూడో వారం గడ్డి. చాలా పెరిగి ఉంటే ఒకేసారి మొదలంటా కోయకండి, ఒక్కో కోతకు మూడో వంతే తీయాలి, లేకపోతే ఆ రోజుకు పచ్చిక పాలిపోయి కనిపిస్తుంది. చివరి కోత రెండు రోజుల ముందు, మంచు ఆరాక. గడ్డి చిమ్మే వైపు రాయికి ఎదురుగా రాకుండా తిరగండి, తడి గడ్డి పాలరాయికి అంటుకుని ఆకుపచ్చ మరక చేస్తుంది.

ఆ రోజు పూలచక్రాన్ని రాయికి ఆనించకుండా చెక్క స్టాండు మీద పెట్టండి. చక్రం వెనక ఇనుప తీగ ఉంటుంది, ఒక్క రాత్రి తడిస్తే తుప్పు గీత దిగుతుంది. కొవ్వొత్తి పలక మీద కాకుండా కింద పరిచిన రాళ్ల మీద, పళ్లెంలో పెట్టి వెలిగించండి.