స్పర్శకూ మధ్యానికీ నడుమ: ‘ని’నా, ‘సం’నా?

పంచాంగప్రియ: గ్రహణ దశలు స్పర్శ, …మీలనం, మధ్యం, ఉన్మీలనం, మోక్షం. రెండోది నిమీలనమా, సమ్మీలనమా? ఒకదాన్నొకటి కప్పుకునే అల్గాల్ జంట తార కాంతి గీత (ప్రకాశం వేళతో మారే తీరు చూపే గ్రాఫ్) మీద ఈ పేర్లు గుర్తించాలి.

ద్విపద: నిమీలనమే. ఉన్మీలనానికి జోడు అదే. రెప్ప వాలడం, రెప్ప లేవడం.

పాతబడి: సిద్ధాంత గ్రంథాల్లో సమ్మీలనమూ ఉందండీ. ‘సం’లో పూర్తిగా అన్న బిగువుంది. బింబమంతా మూతపడిన క్షణానికి అదే తగినది.

రేచుక్క: ఉపసర్గ ఏదైనా అల్గాల్‌కి రెండూ పనికిరావు. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి పట్టే ఆ గ్రహణం పాక్షికం. స్పర్శ, మధ్యం, మోక్షం, అంతే. పట్టు నుంచి విడుపు దాకా సుమారు 10 గంటలు. మాగ్నిట్యూడ్ (ఈ అంకె పెరిగితే ప్రకాశం తగ్గినట్టు) 2.1 నుంచి 3.4కి జారి, అడుగున నిలవకుండా మళ్లీ ఎక్కుతుంది. సంపూర్ణమైతే అడుగు చదునుగా ఉంటుంది. ఆ చదును రెండు కొసలకే మీ పేర్లు. అలాగని చదునల్లా సంపూర్ణం కాదు. ఎప్సిలాన్ ఆరిగే అనే మరో తారకి 27 ఏళ్లకోసారి పట్టేదీ చదునే, కానీ అడ్డొచ్చేది ధూళి పళ్లెం. తార పూర్తిగా మూతపడదు.

పాతబడి: అసలు ‘గ్రహణం’ అనడమే తప్పేమో. నీడ పడటం లేదు కదా, ‘మరుగు’ అనాలి.

ద్విపద: సూర్యగ్రహణంలో చంద్రుడు చేసేదీ కప్పడమేగా! ‘గ్రహ్’ అంటే పట్టు. మొసలికి ‘గ్రాహం’ అన్న పేరూ ఆ ధాతువు నుంచే. గజేంద్ర మోక్షంలో మోక్షం విడుపే కదా. ‘కరిఁ దిగుచు మకరి సరసికి’ అన్నాడు పోతన. మొసలి నీళ్లలో ఉన్నా ఏనుగు ఊగుతుంటే దాని బలం తెలుస్తుంది.

రేచుక్క: కనిపించని సహచరిని పట్టేదీ ఆ ఊగడంతోనే. గ్రహణానికి ముందు అల్గాల్ మననుంచి దూరమవుతోందని, తర్వాత దగ్గరవుతోందని 1889లో పోట్స్‌డామ్‌లో ఖగోళ శాస్త్రవేత్త ఫోగెల్ వర్ణపటంలో చూశాడు. అక్కడున్న మూడో తారలాంటిది దొరకాలంటే కనిష్ఠ వేళలు (ప్రకాశం అట్టడుగున ఉన్న క్షణాలు) కొలవాలి. దిగుతూ, ఎక్కుతూ ఒకే ప్రకాశం ఉన్న వేళల్ని జతపరచి, మధ్య బిందువుల సగటు తీయండి. వేళల్ని సూర్యుడి దగ్గర్నుంచి చూసినట్టు మార్చే దిద్దుబాటు, సుమారు 8.3 నిమిషాల దాకా, మరిస్తే లేని ఏడాది అల పుడుతుంది. ప్రకాశం పోల్చడానికి ఆల్మాక్, డెల్టా పెర్సీ తారలు తీసుకోండి. రో పెర్సీ వద్దు, అదీ ప్రకాశం మారే చంచల తారే. చూసిన వేళలోంచి లెక్కకొచ్చిన వేళ తీసేస్తే మిగిలేది గ్రాఫ్‌లో పరావలయమైతే ఒక తార నుంచి ఇంకోదానికి ద్రవ్య బదిలీ కావచ్చు, అల అయితే మూడో తార కావచ్చు. జంట సూర్య–భూమి దూరమంత వెనక్కి జరిగితే కనిష్ఠం 499 సెకన్లు ఆలస్యం. కానీ జంటలోని చల్లని తార అయస్కాంత చక్రాలూ అల తెస్తాయి. అల రెండు ఆవర్తాలైనా నిండకుండా సహచరి ఉందనకండి.

పంచాంగప్రియ: బావుంది. పద్యంలో ‘దిగుచు’ అంటే నీళ్లలోకి దిగడమేగా?

ద్విపద: కాదండీ. ‘తిగుచు’, అంటే లాగు. ద్రుతం (‘కరిన్’ చివరి నకారం) తర్వాత త కాస్తా ద అయింది.

పాతబడి: అలాగైతే ‘సం’కి ‘మీలనం’ చేరితే ‘సమ్మీలనం’ ఎలా అయిందో కూడా చెప్పండి, నా పక్షం బలపడుతుంది.