6363 అంటే ఎన్నో పేపరు? పర్లాకిమిడి తమ్ముడి ప్రశ్నకు జవాబులు

పర్లాకిమిడి తమ్ముడు:
అక్కలకు, అన్నలకు నమస్కారం. మాది పర్లాకిమిడి. బరంపురంలో ఎంసీఏ చేశాను. కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌కి ఆగస్టులో టెక్సాస్ వస్తున్నాను. క్లాసులు ఎంచుకోమని మెయిల్ వచ్చింది. తెరిచి చూస్తే 6363, 001, టీఆర్ 2:30–3:45 అని ఉన్నాయి. ఒక్క ముక్క అర్థం కాలేదు. మన కాలేజీలో నోటీసు బోర్డుకి అంటించినట్టు టైంటేబుల్ ఎవరూ ఇవ్వరా? 6363 అంటే ఎన్నో పేపరు?

బరంపురం అక్క:
తమ్ముడూ, కంగారు పడకు. ప్లస్ త్రీలో, అంటే మన డిగ్రీలో, కోర్ 1 పేపరు తర్వాత కోర్ 2, అలా కోర్ 14 దాకా వరసగా చదివొచ్చాం. అందుకే నంబరు కనబడితే వరస అనుకుంటాం. ఇక్కడి నంబరు వరస చెప్పదు, ఆ క్లాసు ఎవరికోసం పెట్టారో చెబుతుంది. టెక్సాస్‌లో నాలుగంకెలు వాడే చాలా యూనివర్సిటీల్లో మొదటి అంకె స్థాయి. 1 నుంచి 4 దాకా డిగ్రీ పిల్లలవి, 5, ఆపైన పీజీ వాళ్లవి. రెండో అంకె క్రెడిట్లు, అంటే డిగ్రీకి ఆ క్లాసు ఎంత లెక్కకొస్తుందో. అంటే 6363 పీజీ క్లాసు, మూడు క్రెడిట్లు. మిగతా రెండంకెలూ డిపార్ట్‌మెంటు పెట్టుకున్న గుర్తు.

క్లాసు పేరు కింద ప్రీరిక్విజిట్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది తప్పకుండా చదువు. ముందు ఏ క్లాసు అయి ఉండాలో అక్కడ రాస్తారు. నీ అడ్మిషన్ లెటర్ కూడా మళ్లీ ఒకసారి తియ్యి. ఎంసీఏ చేసి వచ్చినవాళ్లకి డేటా స్ట్రక్చర్స్ లాంటివి ముందు పూర్తి చేయమని అందులోనే రాస్తుంటారు. వాటికీ ఫీజు కట్టాలి, కానీ చాలాచోట్ల డిగ్రీ క్రెడిట్లలో కలపరు. ఇది తెలియక డబ్బు లెక్క తప్పినవాళ్లని చూశాను.

001 అంటే సెక్షను. 001, 002 పాఠం ఒకటే, చెప్పేవాళ్లూ వేళలూ వేరు. చాలాచోట్ల ఒక్కో సెక్షనుకీ వేరే ఐదంకెల నంబరు ఉంటుంది. రిజిస్టర్ చేసేటప్పుడు కొట్టాల్సింది దాన్నే.

ఇక టీఆర్. ఇక్కడ నేను దెబ్బతిన్నాను, అందుకే వివరంగా చెబుతున్నా. టీ అంటే ట్యూజ్‌డే అని తెలిసింది, ఆర్ అంటే రూము అనుకున్నాను, పక్కనే గది నంబరుంది మరి. మంగళవారం మాత్రమే వెళ్లేదాన్ని. మూడో మంగళవారం ప్రొఫెసర్ దిద్దిన క్విజ్ పేపర్లు పంచారు. వరసలో అందరి చేతికీ వచ్చాయి, నా బల్ల ఖాళీ. ఆ క్విజ్ గురువారం పెట్టారట. మంగళ, గురు రెండూ ఇంగ్లిష్‌లో టీతోనే మొదలవుతాయి కాబట్టి గురువారానికి ఆర్ వాడతారని ఆ రోజు పక్కనమ్మాయి చెప్పింది. రూముకి తిరిగొచ్చి చాలాసేపు ఏడ్చాను. నీకు అలా జరగకూడదు. సోమ, బుధ, శుక్రవారాలకి ఎం, డబ్ల్యూ, ఎఫ్. వేళ తెలియనిచోట టీబీఏ అంటారు, ఇంకా ఖరారు కాలేదని.

నీ క్లాసు 75 నిమిషాల చొప్పున వారానికి రెండు రోజులు. సోమ, బుధ, శుక్ర క్లాసయితే 50 నిమిషాలు, మూడు రోజులు. ఎలా చూసినా 150 నిమిషాలే. అయితే ఒక్కో క్రెడిట్‌కి వారానికి గంట క్లాసు (50 నిమిషాలనే గంటగా లెక్కేస్తారు) కాక, బయట కనీసం రెండు గంటల పని లెక్క. మూడు క్లాసులంటే తొమ్మిది క్రెడిట్లు, వారానికి 27 గంటలు. మనకి సెమిస్టరుకి నాలుగైదు పేపర్లు అలవాటని మొదటి సెమిస్టర్‌లోనే నాలుగు క్లాసులు తీసుకోవద్దు.

తొమ్మిది కంటే తగ్గించనూ వద్దు. పీజీ వాళ్లకి చాలా యూనివర్సిటీల్లో ఫుల్‌టైం అంటే తొమ్మిదే. మన చదువు వీసా ఎఫ్-1లో అది నిలబడాలి. ఆన్‌లైన్ క్లాసు ఆ లెక్కలోకి సెమిస్టరుకి ఒక్కటే వస్తుంది, మూడు క్రెడిట్ల వరకే. మధ్యలో ఏ క్లాసైనా కష్టమనిపిస్తే నీ అంతట నువ్వు డ్రాప్ నొక్కకు. ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లి అడిగి, వాళ్లు సరేనన్నాకే. మార్కులు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు, వీసా స్టేటస్ పోతే చాలా కష్టం నాన్నా.

రాయగడ అన్న:
అక్క చెప్పిందంతా నిజం. ఒకటి కలుపుతాను. నంబర్ల పద్ధతి అన్నిచోట్లా ఒకటి కాదు. టెక్సాస్‌లోనే ఆస్టిన్ యూనివర్సిటీలో మొదటి అంకే క్రెడిట్లు, చివరి రెండంకెలూ స్థాయి. 314 అంటే మూడు క్రెడిట్ల, డిగ్రీ మొదటి ఏళ్ల క్లాసు, 388 అంటే పీజీ క్లాసు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో పీజీ క్లాసులు 200 నుంచే మొదలవుతాయి. వేరే ఊళ్లో ఉన్న స్నేహితుడి నంబర్లు చూసి నీవి ఏరుకోకు, మీ యూనివర్సిటీ కేటలాగ్ మొదటి పేజీల్లో పద్ధతి రాసుంటుంది. రిజిస్ట్రేషన్ ఉదయం 8 గంటలకి అంటే ఇక్కడి 8. వేసవిలో నీకది సాయంత్రం 6:30. హోల్డ్, అంటే రిజిస్టర్ చేయనివ్వకుండా పెట్టిన అడ్డు, ఏదైనా ఉంటే ముందే కనబడుతుంది. టీకాల కాగితం అందకపోయినా ఆపేస్తారు, బేగి చూసుకో.

పర్లాకిమిడి తమ్ముడు:
ఇప్పుడే చూశాను అక్కా, హోల్డ్ ఒకటి ఉంది. టీకాలదే. రేపు పొద్దున్నే బరంపురం వెళ్తున్నాను.

బరంపురం అక్క:
మంచిది. వచ్చాక ఏరుకున్న మూడు క్లాసులూ వేళలతో ఇక్కడ పెట్టు. మంగళ, గురువారాల్లో రెండు ఒకే వేళకి పడ్డాయేమో నేను చూస్తాను.