గట్టెక్కడమా, ఒడ్డున పడటమా? ఆటలో ఒంటరివాడికి ఏ మాట నప్పుతుంది?

మా చెల్లెలి కొడుకు కంప్యూటర్ ఆటలు ఆడుతూ తెలుగులో వ్యాఖ్యానం చెప్పే వీడియోలు చేస్తాడు. మొన్న అమలాపురం వెళ్లినప్పుడు "మావయ్యా, ఎక్స్‌ట్రాక్షన్‌కు తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు. వెలికితీత అన్నాను. "బావిలో పడిన బకెట్టును తీసినట్టుంది" అని నవ్వాడు. వాడి మాటా నిజమే. పత్రికల్లో వెలికితీసేది బొగ్గునో, కాలువలో మునిగిన కారునో. అక్కడ తీసేవాడు వేరు, బయటికి వచ్చేది వేరు. వాడి ఆటలో తనను తానే బయటికి తెచ్చుకోవాలి.

ఆట తెలియనివారికి నాలుగు ముక్కలు. వాడు ఆడేది ఆర్క్ రైడర్స్, స్వీడన్‌లోని ఎంబార్క్ స్టూడియోస్ వారిది, 2025 అక్టోబరులో వచ్చింది. ఒక్కో విడత అరగంటకు మించదు. పాడుబడిన ఊళ్లో దిగి, పనికివచ్చే సామాను ఏరుకొని, తిరుగుతున్న యంత్రాలనూ తోటి ఆటగాళ్లనూ తప్పించుకొని, కొన్ని నిర్ణీత చోట్ల నుంచి మాత్రమే బయటపడాలి. మధ్యలో చస్తే సంచిలో ఉన్నదంతా పోతుంది, చిన్న భద్రపు జేబులో పెట్టుకున్నది తప్ప. ఎస్కేప్ ఫ్రమ్ టార్కోవ్ అనే రష్యా ఆటా ఈ కోవదే. అందులో జేబుకు బదులు పెట్టె ఉంటుంది.

వాడి వెనక కుర్చీ వేసుకొని ఒక విడత పూర్తిగా చూశాను. తోడెవరూ లేకుండా దిగాడు. ఒక భవనంలోకి దూరగానే పై అంతస్తులో రెండు జట్లు కాల్చుకుంటున్నాయి. వీడు మెట్ల కింద కదలకుండా కూర్చున్నాడు. "పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు కదరా, వెళ్లి ఇద్దరి సొమ్మూ తెచ్చుకో" అన్నాను. "ఇక్కడ నేను పిల్లిని కాదు మావయ్యా, మూడో పిట్టను" అన్నాడు. కాల్పులు ఆగాక కూడా లేవలేదు. గెలిచినవాళ్లు శవాల సంచులు వెతుకుతుంటారట, ఆ చప్పుడు విని మరో జట్టు వస్తుందట, వాళ్లూ వెళ్లాకే మన వంతట. చివరికి పైకి వెళ్లి చూస్తే పెద్ద తుపాకులు అక్కడే పడి ఉన్నాయి. ముట్టుకోలేదు. బరువెక్కితే పరుగు తగ్గుతుంది. తేలికగా ఉండి ధర పలికేవే ఏరుకున్నాడు. ఒక సొరుగులో అరుదైన ఆయుధం తయారుచేసే బ్లూప్రింట్ దొరికితే, దాన్ని సంచిలో వేయకుండా నేరుగా భద్రపు జేబులో పెట్టాడు.

తరువాత లిఫ్టు, అదే బయటపడే చోటు. దాన్ని పిలిస్తే ఊరంతా వినపడేలా మోత మోగుతుంది. పిలిచి, అక్కడే నిలబడకుండా దూరంగా గోడ చాటుకు పోయాడు. అంతవరకూ తెలివే. లిఫ్టు వచ్చాక పరుగెత్తాడు. పొదలో ఒకడున్నాడు. రెండు తూటాలు, అంతే. సంచి పోయింది.

పక్కన బట్టలు మడతపెడుతున్న మా చెల్లెలు తెర వైపు చూసి, "అయితే రొంటిన దోపుకున్నదే మిగిలిందన్నమాట" అంది.

అప్పటి నుంచి ఆ మాట నన్ను వదల్లేదు. దోచు నుంచి దోపు వస్తుంది, కాచు నుంచి కాపు, చూచు నుంచి చూపు వచ్చినట్టే. రాచు రాపిడి అయినట్టు దోచు దోపిడి అయింది. మరోవైపు దోపు అనే క్రియ ఉంది: కుచ్చెళ్లు దోపుకోవడం, చుట్టను రొంటిన దోపుకోవడం. ఈ రెండూ ఒకే వేరువని నేను అనను, అవసరమూ లేదు. కానీ ఆ ఆటకు ఉన్న రెండు సగాలూ ఒకే చప్పుడులో ఇమిడిపోయాయి. మొదటి దోపు అందరికీ వచ్చు. ఒంటరిగా దిగినవాడి పనితనమంతా రెండో దోపులో ఉంది: ఏది ముందు రొంటిన చేరాలి, ఏది పోయినా ఏడవకూడదు అన్నది.

ఇక బయటపడటం. పారిపోవడంలో పిరికితనం ధ్వనిస్తుంది, ఉడాయించడంలో తప్పు చేసిన గుర్తు ఉంటుంది. జారుకోవడం బాగుంది కాని అది గది దాటడానికే సరిపోతుంది, ఊరు దాటడానికి కాదు. నా ఓటు గట్టెక్కడానికి. మన గోదావరి డెల్టాలో గట్టు అంటే పొలం గట్టు, కాలువ గట్టు, అన్నిటికీ మించి ఏటిగట్టు. 1986 వరద చూసిన లంక ఊళ్లవారికి ఏటిగట్టు ఎక్కడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఉన్నదంతా మోయలేరు. దస్తావేజులు, పుస్తెలు, ఒక బియ్యం మూట, పశువుల పలుపులు విప్పడం, అంతే. ఒడ్డున పడటం వేరు. "నన్ను ఒడ్డున పడేశారు" అంటాం, అంటే ఎవరో చెయ్యి అందించారు. జట్టుగా వెళ్లినవాడు ఒడ్డున పడవచ్చు. ఒంటరివాడు తన కాళ్ల మీద గట్టెక్కాల్సిందే.

మీరేమంటారు?

— రాజోలు వైపు సభ్యుడు:
గట్టెక్కడం బాగానే ఉంది. మరి ఆ నిర్ణీత చోటుకు పేరు? రేవు అనండి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్లే పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, మా చిన్నతనంలో మాకు గడియారం. వశిష్ఠ గోదావరిలో ఎక్కడపడితే అక్కడ దిగి దాటలేం, రేవుకే పోవాలి, ఆఖరి పంటు వెళ్లిపోతే చుట్టుతిరుగుడే. మీ మేనల్లుడి ఆటలోనూ అంతేనా?

— మొదటి రచయిత:
అచ్చం అంతే. సమయం గడిచేకొద్దీ లిఫ్టులు ఒక్కొక్కటిగా మూతపడతాయి. అందుకే వాడు దిగగానే సొరుగుల వైపు కాక ముందు పటం వైపు చూస్తాడు: ఏ రేవు దగ్గర, ఏది ముందు మూస్తారు అని. తాళంచెవి ఉంటే చప్పుడు లేకుండా తెరుచుకునే చిన్న ద్వారం కూడా ఒకటుంది, దానికి "దొంగరేవు" అని నేనే పేరు పెట్టాను.

— ముమ్మిడివరం సభ్యురాలు:
దోపు, దోపిడి వరకు వచ్చి చూరగొనడం ఎందుకు వదిలేశారు? నేడు "ప్రేక్షకుల మనసు చూరగొంది" అని సినిమా వార్తల్లో రాస్తున్నాం కాని, దాని అసలు అర్థం కొల్లగొట్టడమే. పాత కావ్యాల్లో చూఱ అంటే దోపుడు సొమ్ము. తమిళంలో సూఱై ఇప్పటికీ ఆ అర్థంలోనే ఉంది.

— మరొక సభ్యుడు:
చూరులో దాచుకున్నది లాక్కోవడం చూరగొనడం అయి ఉంటుంది. మా తాతగారి తాటాకింట్లో కొడవలి, చుట్టలు, చిల్లర డబ్బులు అన్నీ చూరులోనే ఉండేవి.

— మొదటి రచయిత:
తాతగారి చూరు ముచ్చటగా ఉంది కాని లెక్క కుదరదు. కొల్లకు సంబంధించిన చూఱలో ఉన్నది బండి ఱ, ఇంటి చూరులో ఉన్నది మామూలు ర. ఇప్పుడు రెండూ ఒకేలా రాస్తున్నాం కాబట్టి ఈ తికమక. అయితే భద్రపు జేబుకు చూరు అనే పేరు మాత్రం నాకు నచ్చింది. వాడికి చెబుతాను.

— కాకినాడ సభ్యుడు:
పిల్లలకు దోచుకోవడానికి ఇన్ని మాటలు నేర్పించాలా?

— మొదటి రచయిత:
నేర్పకపోతే ఇంగ్లీషులో దోచుకుంటారు, అంతే తేడా. పైగా వాళ్లు లూట్ అంటున్నదీ హిందీ మాటే.

— ముమ్మిడివరం సభ్యురాలు:
ఒక అనుమానం. ఒంటరిగా వెళ్లినవాళ్లు దారిలో కలిసి "కాల్చవద్దు" అని మాట్లాడుకోవచ్చట కదా? దానికీ మాట కావాలి.

— మొదటి రచయిత:
సామెతే ఉంది. ఏరు దాటేవరకు ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. ఆటలో మాత్రం ఏరు దాటేదాకా కూడా ఆగరు, రేవులోనే బోడి మల్లయ్యను చేస్తారు. అందుకే మావాడు మాట కలుపుతాడు కాని, లిఫ్టులోకి ఎవరికీ వీపు చూపించి వెళ్లడు.

— అమలాపురం నుంచి, ఆ మేనల్లుడే:
మావయ్య నన్నూ ఈ చర్చలో చేర్పించారు, అందరికీ నమస్కారం. నిన్నటి వీడియోలో "గట్టెక్కాను" అన్నాను, సంచిలో సగం ఖాళీగా ఉన్నా అందరికీ అర్థమైంది. "రేవు" అంటే మాత్రం తెలంగాణ మిత్రుడొకరు అర్థం అడిగారు. నాకింకో మాట కావాలి. రేవు దగ్గర పొదలో కూర్చుని చంపేవాణ్ని గోతికాడ నక్క అంటున్నాను. మరి మెట్ల కింద నేను కూర్చున్నదాన్ని కూడా నక్కడమే అంటే, ఇద్దరం ఒకటే అయిపోతాం కదా?

— మొదటి రచయిత:
కారు నాయనా. నువ్వు నక్కి ఉన్నావు, వాడు పొంచి ఉన్నాడు. నక్కేవాడికి ఎవరి కంటా పడకపోతే చాలు. పొంచేవాడికి ఒకడు కంటపడాలి. నువ్వు మెట్ల కింద ఉన్నప్పుడు ఎవరూ రాకపోతే సంతోషించావు, పొదలో వాడు ఎవరూ రాకపోతే విసుక్కునేవాడు. ఈసారి లిఫ్టు పిలిచాక గోడ వైపు కాదు, పొదల వైపు చూస్తూ నక్కు.