వీరుల నాణేలు జనం చేతిలో ఉండాలా, సేకర్తల పెట్టెలో ఉండాలా?

కృష్ణాతీరం:
1999లో వచ్చిన శివాజీ రెండు రూపాయల నాణెం కూరగాయల బజారులో చిల్లరగా చేతికొచ్చేది. 2024 నవంబరులో బిర్సా ముండా 150వ జయంతి సందర్భంగా విడుదలైన 150 రూపాయల నాణెం అలా ఎవరి చేతికీ రాదు. ముఖవిలువకు ఎన్నో రెట్లు పెట్టి టంకశాల నుంచి కొనుక్కోవాలి. ఆదివాసుల భూమి కోసం ఉల్గులాన్ అనే మహా తిరుగుబాటు నడిపి రాంచీ జైలులో చనిపోయిన మనిషి ఆయన. ఆయన నాణేన్ని ఆ ఆదివాసులే కొనలేకపోతే అది ఎవరికిచ్చిన గౌరవం?

వెండివెలుగు:
ఒప్పుకోలేను. 150, 200 వంటి అంకెలు చలామణికి పనికిరావు, జయంతిని గుర్తుచేయడానికే వాటిని ఎంచుకుంటారు. హైదరాబాద్ టంకశాలలో ముద్రించిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం వెడల్పు 44 మిల్లీమీటర్లు. ధర మూడున్నర వేల నుంచి మొదలైనా జనం వరుసకట్టి కొన్నారు. అంత వెడల్పు ఉంటేనే చెక్కేవారి పనితనం తెలుస్తుంది. తలపాగా మడతలు, కవచం చిన్న బిళ్ల మీద ఎక్కడ కనిపిస్తాయి? పైగా ఖర్చు భరించేది సేకర్తలే.

రాగికాసు:
పనితనం సంగతి నిజమే. కానీ శివాజీ స్వయంగా ఏం చేశాడో చూడండి. ఆయన బంగారు హొన్నులతో పాటు రాగి శివరాయిలూ వేయించాడు. ఒకవైపు ‘శ్రీ రాజా శివ’, రెండోవైపు ‘ఛత్రపతి’. ముఖం లేదు, కవచం లేదు, అక్షరాలు మాత్రమే. తమకొక రాజు ఉన్నాడని సంతలో రైతుకు చెప్పింది ఆ రాగి కాసే. ఆయన తర్వాత కూడా అవి చాలాకాలం చెల్లాయి. నేను సేకర్తల వెండి నాణెం వద్దనడం లేదు. 2015లో మహారాణా ప్రతాప్ 475వ జయంతికి వంద రూపాయలతో పాటు పది రూపాయల నాణెం కూడా తెచ్చారు కదా. వీరుల విషయంలో రెండోది తప్పనిసరి కావాలి.

వెండివెలుగు:
దానికి నాకూ అభ్యంతరం లేదు. అయితే పది రూపాయల బిళ్లను మన ఊళ్లలో ఎంతమంది దుకాణదారులు తీసుకుంటున్నారు? పద్నాలుగు నమూనాలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే చెప్పింది. అయినా కొత్త బొమ్మ కనిపిస్తే దొంగ నాణెమంటూ తిప్పి ఇచ్చేస్తున్నారు.

రాగికాసు:
అయితే ఐదు రూపాయల మీద వేయాలి. నాగా వీరనారి రాణీ గైడిన్ల్యూ శతజయంతికి 2015లో వేశారు. ఐదు రూపాయల బిళ్లను ఏ దుకాణదారూ కాదనడు.