కలంకారీ చీరల సైటు గూగుల్‌లో రావడం లేదు, యాడ్స్‌కు డబ్బు పోతా ఉంది

కాళహస్తి కలంకారీ ఇల్లు:
అందరికీ నమస్కారం. మాది శ్రీకాళహస్తి. మా మామ, మా ఆయన కలంకారీ వేస్తారు, అమ్మకాలు నేను చూసుకుంటాను. పోయిన ఏడాది ఒకాయనకు 18,000 ఇచ్చి సైటు చేయించినాము. చూడ్డానికి బాగానే ఉండాది. ‘కాళహస్తి కలంకారీ చీరలు’ అని తెలుగులో కొట్టినా, ఇంగ్లీషులో కొట్టినా మాది రాదు. అంగడి పేరు కొడితేనే వస్తాది. నెలకు 5,000 యాడ్స్‌కు పెట్టమన్నాడు, రెండు నెలలు పెట్టినాము. ఫోన్లయితే వచ్చినాయి, అందరూ ‘చీర 800కు ఇస్తారా’ అనేవాళ్లే. ఒక్కో చీరకు మాకు నెల పడుతుంది. ఏం చేయాల?

తిరుపతి వెబ్ పని:
అక్కా, ఈ పూటే యాడ్స్ ఆపేయండి. తర్వాత సైటు ఫోన్‌లో తెరిచి, తెలుగు మాట మీద వేలు నొక్కి పట్టుకోండి. మాట ఎంపికైతే కాపీ చేసి వాట్సాప్‌లో ఎవరికైనా పంపండి. ఏమొచ్చిందో చెప్పండి.

కాళహస్తి కలంకారీ ఇల్లు:
‘మా గురించి’ పేజీలో ఎంపికే కాలేదు, అంతా ఒకటే ఫోటో మాదిరి ఉంది. చీరల పేజీలో ఎంపికయింది గానీ, పంపితే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసి ఏందేందో వచ్చింది. సైటులో మాత్రం చక్కటి తెలుగే కనపడతా ఉంది!

తిరుపతి వెబ్ పని:
అనుకున్నదే. మీ సైటులో కంటికి తెలుగుంది, గూగుల్‌కు లేదు. మీ కరపత్రం కోసం డీటీపీ వాళ్లు వాడే ‘అను’ అనే ఫాంట్లలో కొట్టిన మ్యాటరునే తెచ్చి అతికించినారు. అనులో ‘క’ అనేది లోపల వేరే ఏదో గుర్తు, పైన ఫాంటు తొడిగితే తెలుగులా కనపడుతుంది. గూగుల్ చదివేది లోపలిదాన్ని. ఇక ఫోటోగా పెట్టిన రాతను నమ్ముకుంటే వెతుకులాటలో పైకి రావడం కష్టం.

మొత్తం యూనికోడ్‌లో మళ్లీ కొట్టాలి, అంటే గూగుల్‌ కూడా తెలుగుగానే చదివే అక్షరాల్లో. మీకు టైపింగ్ రాకపోతే ఫోన్‌లో గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో తెలుగు పెట్టుకుని మైకు నొక్కి చదవండి, అదే రాసుకుంటుంది. పేజీ కోడ్ పైన మీవాడు రెండొందల కీవర్డ్స్ కుక్కి ఉంటాడు చూడండి. ఆ కీవర్డ్స్ ట్యాగును పట్టించుకోనని గూగుల్ 2009లోనే చెప్పేసింది. దానికి బదులు ప్రతి చీరకూ ఒక పేజీ, దానికి సొంత శీర్షిక, ఫోటో కింద రెండు ముక్కల వివరం పెట్టించండి.

చిత్తూరు డీటీపీ:
అన్నా, అనును తిట్టద్దు. ముప్పూటలా మాకు కూడు పెట్టింది అదే. అచ్చుకు అను, సైటుకు యూనికోడ్, అంతే తేడా. అక్కా, పాత ఫైలుంటే మళ్లీ కొట్టే పని లేదు, అను నుంచి యూనికోడ్‌కు మార్చేవి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉండాయి. మార్చినాక ఒత్తులు మటుకు అక్షరం అక్షరం చూసుకోండి, అక్కడే తన్నుతాయి.

ఫాంటు సంగతి కూడా. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలా ఉండాయి. చదివే మ్యాటరుకు మండలి, శీర్షికకు ధూర్జటి పెట్టండి. కాళహస్తి అంగడికి ధూర్జటి పేరున్న ఫాంటు కంటే ఏం కావాల! వరసల మధ్య ఎడం (లైన్ హైట్) 1.7 దాకా ఇవ్వమనండి, ఇంగ్లీషు కొలత పెడితే పై వరస ఒత్తులు కింది వరస గుడుల్లో ఇరుక్కుంటాయి.

కాళహస్తి కలంకారీ ఇల్లు:
మరి 800 బేరాల సంగతో?

తిరుపతి వెబ్ పని:
ఉత్త ‘కలంకారీ’ అని యాడ్ వేస్తే పెడన అచ్చు బట్టలు వెతికేవాళ్లూ, మిల్లు ప్రింటు వెతికేవాళ్లూ అందరూ మీకే తగులుతారు. పెడన దిమ్మెల అచ్చు తక్కువ పనేం కాదు, దాని దారి వేరు, మీ దారి వేరు. మళ్లీ ఎప్పుడైనా యాడ్ వేస్తే ‘ప్రింట్’, ‘హోల్‌సేల్’ లాంటివి, అవి వెతికేవాళ్లకు మీ యాడ్ కనపడకుండా, నెగెటివ్ కీవర్డ్స్‌లో పెట్టండి. ధర దాచి ‘ఫోన్ చేయండి’ అనడం మానండి. ధర కనపడితే ఇలాంటి బేరాల ఫోన్లు సగం రానే రావు.

మీ మామ వెదురు కలం పట్టుకుని గీత గీసేది, కరక్కాయ కలిపిన పాలలో బట్ట నానేసేది, ఇనుప తుప్పూ బెల్లమూ ఊరేసి నల్లరంగు తీసేది, ఒక్కోటి అర నిమిషం వీడియో తీయండి. మొదటి పేజీలో మొదట అదే ఉండాలి. ఇప్పుడక్కడ ఏదో విదేశీ అమ్మాయి నవ్వే ఫోటో ఉంది, ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఫోటోలు కూడా ఫోన్‌లో తీసినవి తీసినట్టే, ఒక్కోటి 5 ఎంబీ. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, తేలిక ఫోటో రకమైన వెబ్‌పీ చేస్తే 200 కేబీ దరిదాపుకు వస్తుంది. బట్ట నేత కనపడే దగ్గరి ఫోటో మాత్రం ఒకటి పెద్దదే ఉంచండి.

కాళహస్తి కలంకారీ ఇల్లు:
అంగడి మ్యాప్‌లో ఉండాలా? గుడికి వచ్చినోళ్లు అడుక్కుంటా వస్తారు గదా.

చిత్తూరు డీటీపీ:
అది ముందుండాల! తిరుమల చూసుకుని రాహుకేతు పూజకు వచ్చేవాళ్లు కారులో కూర్చునే వెతుకుతారు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కు పైసా ఖర్చు లేదు. గ్రహణం రోజు మిగతా గుళ్లు చాలావరకు మూస్తారు, కాళహస్తి తెరిచే ఉంటుంది గదా, ఆ రోజుకు మీ వేళలు విడిగా పెట్టుకోండి. రివ్యూ రాస్తే తగ్గిస్తామని మాత్రం అనద్దు, గూగుల్ ఒప్పుకోదు.

తిరుపతి వెబ్ పని:
ఒకటి మరిచినా. డొమైన్, అంటే సైటు పేరు, ఎవరి పేరు మీదుంది?

కాళహస్తి కలంకారీ ఇల్లు:
సైటు చేసినాయన తన మెయిలుతోనే కొన్నాడంట. ఇప్పుడే అడిగితే ‘నా దగ్గరుంటే ఏమక్కా’ అన్నాడు.

తిరుపతి వెబ్ పని:
మెత్తగానే అడగండి, వదలద్దు. ఆయన డొమైన్ కొన్న కంపెనీలోనే మీ మెయిలుతో ఖాతా తెరిచి, దాంట్లోకి మార్చమనండి. వేరే కంపెనీకి మార్చుకుంటే ఆయన ఆథ్ కోడ్ (బదిలీకి కావాల్సిన రహస్య సంకేతం) ఇవ్వాల. డొమైన్ వివరాలు చూపించే హూయిజ్‌లో కొట్టి గడువు ఎప్పుడు తీరుతుందో ఈ రోజే చూసుకోండి. తెలుగు ఎప్పుడైనా దిద్దుకోవచ్చు, పేరు పోతే అచ్చేసిన కార్డులన్నీ చెత్తే.

కాళహస్తి కలంకారీ ఇల్లు:
చూసినా అన్నా. ఇంక 41 రోజులే ఉండాది. మా ఆయన్ను రేపు పొద్దున్నే ఆ సైటు చేసినాయన దగ్గరికి బస్సెక్కిస్తా ఉండాను.