పాత కత్తుల పిడి ఎముకా, ఏనుగు దంతమా? ఎలా తేల్చాలి?

షెఫీల్డ్_కొత్త: సాయంత్రం నుంచి భూతద్దం పట్టుకుని కూర్చున్నాను, కళ్లు లాగుతున్నాయి గానీ ఏమీ తేలలేదు. పాత టేబుల్ కత్తుల సెట్టు, తెల్ల పిడులు కాస్త పసుపుబారాయి. గీతలున్నాయి. గీతలుంటే దంతమే అని ఒకరు, ఎముకకీ ఉంటాయని ఇంకొకరు. ఫొటో పెట్టాను, ఎవరైనా తేల్చి చెప్పండి ప్లీజ్.

కె.ఆర్.: ఇందులో పక్కభాగమే ఉంది. పిడి కొస చూపించండి.

పాతసామాను: సూది కాల్చి గుచ్చమని ఎవరు చెప్పినా దయచేసి వినకండి. దంతానికి నకలుగా వాడే సెల్యులాయిడ్ అయితే అంటుకోవచ్చు. దంతమైనా ఎముకైనా మచ్చ మిగులుతుంది, వాసన దాదాపు ఒకటే కాబట్టి జవాబూ దొరకదు. వేడినీళ్లలో కూడా నానబెట్టొద్దు. పాత పిడుల్లో బ్లేడు వెనక ములుకును రాళ లాంటిది పోసి బిగించేవారు, వేడికి అది మెత్తబడి పిడి ఊడొస్తుంది. డిష్‌వాషర్‌లో పెట్టి పగలగొట్టుకున్న పిడులు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

షెఫీల్డ్_కొత్త: నేను కాల్చలేదు, నానబెట్టలేదండీ. అడిగింది గీతల గురించి.

నీలిమ_లీడ్స్: పొడవునా సన్న గీతలు రెండింటిలోనూ ఉండొచ్చు. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోసిన చోట మాత్రం వంపు గీతలు ఒకదాన్నొకటి దాటుతూ వల అల్లినట్టు కనిపిస్తాయి. వాటిని ష్రేగర్ గీతలంటారు. ఎముకలో ఆ అల్లిక ఉండదు. రక్తనాళాల సన్న గొట్టాలుంటాయి, మురికి పట్టి కొసలో గోధుమ రంగు చుక్కలుగా, పక్కన పొట్టి చారలుగా తెలుస్తాయి. 10 రెట్లు పెద్దగా చూపే లూప్ (చిన్న భూతద్దం) చాలు. గీతలు మరీ సమానంగా, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంటే సెల్యులాయిడ్‌ని అనుమానించాలి.

రిటైర్డ్_ఫిట్టర్: ఇంత ఎందుకు? యూవీ లైటు వేయండి. దంతం నీలి తెలుపుగా మెరుస్తుంది.

నీలిమ_లీడ్స్: ఎముకా అలాగే మెరుస్తుంది. ప్లాస్టిక్‌ని పక్కన పెట్టడానికే అది పనికొస్తుంది.

రిటైర్డ్_ఫిట్టర్: మీరు చెప్పింది సెల్యులాయిడ్. అది ప్లాస్టిక్ ఎలా అవుతుంది?

నీలిమ_లీడ్స్: తొలితరం ప్లాస్టిక్ అదేనండీ.

రిటైర్డ్_ఫిట్టర్: ఆ లెక్కన పాలతో చేసిన కేసిన్ పిడులూ ప్లాస్టిక్కే అనాలి.

నీలిమ_లీడ్స్: అవును, అనే అంటారు.

కె.ఆర్.: బ్లేడు మీద స్టెయిన్‌లెస్ అని ఉందా? ఉంటే 1913కి ముందుది కాదు.

షెఫీల్డ్_కొత్త: లేదు, తుప్పు మచ్చలున్నాయి. ఆన్‌లైన్‌లో అమ్ముదామని, వివరాల్లో ఏం రాయాలో తెలియక అడిగాను.

పాతసామాను: అమ్మడానికా! బ్రిటన్‌లో ఉన్నారంటే ఇది ముందే చెప్పాలి కదా. ఏనుగు దంతం అమ్మకాలను కట్టడి చేసే 2018 ఐవరీ చట్టం 2022 జూన్ 6 నుంచి అమల్లో ఉంది. ఇలాంటి మామూలు కత్తులైతే 1947కి ముందువై, ఘనపరిమాణంలో దంతం 10 శాతం లోపుంటేనే రిజిస్టర్ చేసి అమ్మొచ్చు. పిడి మొత్తం దంతమైతే ఆ లెక్క దాటిపోతుంది. ఉంచుకోవచ్చు, ఊరికే ఎవరికైనా ఇవ్వొచ్చు. తేలేదాకా అమ్మకానికి పెట్టకండి. ఏనుగుల ప్రాణాలు పోయాకే ఈ చట్టం వచ్చింది.

కె.ఆర్.: కొస ఫొటో ఇంకా రాలేదు.

షెఫీల్డ్_కొత్త: కొసలకు వెండి టోపీలున్నాయండీ, అందుకే తీయలేదు. ఒక పిడి మీద మాత్రం గోధుమ చారలు కనిపిస్తున్నాయి.

నీలిమ_లీడ్స్: ఆ ఒక్కటి ఎముకే కావచ్చు. మిగతావాటికి టోపీ అంచు దగ్గర, బ్లేడు వైపు వెతకండి. సెట్టులో వేర్వేరు పిడులు కలిసిపోవడం మామూలే.

షెఫీల్డ్_కొత్త: సరే, రేపు వెలుతురులో చూస్తాను. థాంక్స్ అండీ.